సెల్ఫ్ తిరుగుతోంది, జనరేటర్ అందుకోవడం లేదు: పంపు విప్పే ముందు చూడాల్సినవి

మీరు రాసినదాన్ని ముందు క్లుప్తంగా చెప్పుకుందాం, ఎందుకంటే జవాబులో సగం మీ ప్రశ్నలోనే ఉంది. మీది 12 ఓల్టుల బ్యాటరీతో స్టార్టయ్యే మధ్యరకం డీజిల్ జనరేటర్. డీజిల్ ట్యాంకు కింద బేస్‌లోనే ఉంది. సిలిండర్లకు డీజిల్ కొట్టే పంపు మామూలు మెకానికల్ పంపే కానీ గవర్నర్ (ఇంజన్ వేగాన్ని అదుపులో ఉంచే భాగం) ఎలక్ట్రానిక్. మూడు వారాలు వాడలేదు. తర్వాత బటన్ నొక్కితే ‘టక్’మని ఒక్క చప్పుడు వచ్చి ఆగిపోయింది. కొత్త బ్యాటరీ వేయించారు. ఇప్పుడు సెల్ఫ్ చక్కగా తిరుగుతోంది కానీ ఇంజన్ అందుకోవడం లేదు, సైలెన్సర్‌లోంచి పొగ కూడా రావడం లేదు. మూడుసార్లు ప్రయత్నించి ప్యానెల్ ఎర్ర లైటు వేసి లాక్ అయిపోతోంది. వచ్చిన మెకానిక్ డీజిల్ పంపు విప్పి బయటికి పంపాలంటున్నారు. విప్పించాలా వద్దా అని అడిగారు.

ఇప్పుడే విప్పించకండి. పంపు పాడైందని చెప్పడానికి ఆధారం మీరు రాసినదాంట్లో ఒక్కటి కూడా లేదు. మూడు వారాల కిందట బాగా నడిచిన పంపు ఊరికే కూర్చున్నందుకు పాడవడం అరుదు. సరిగ్గా బ్యాటరీ మార్చిన రోజే పాడవడం ఇంకా అరుదు. స్టార్ట్ కాని జనరేటర్ దగ్గరికి వెళ్ళగానే నేను స్పానర్ తీయను. మూడు సంగతులు కనుక్కుంటాను. బటన్ నొక్కితే ఏం వినిపిస్తోంది? సైలెన్సర్ దగ్గర ఏం కనిపిస్తోంది? చివరిసారి బాగా నడిచిన తర్వాత ఇప్పటిదాకా ఎవరు ఏం ముట్టుకున్నారు? మీ విషయంలో మూడో ప్రశ్నకు జవాబు బ్యాటరీ. కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడదాం.

దానికంటే ముందు ఒక్క జాగ్రత్త. ప్యానెల్ ఆటోమేటిక్‌లో ఉన్న జనరేటర్ కరెంటు పోయిన క్షణంలో ఎవరికీ చెప్పకుండా తిరగడం మొదలుపెడుతుంది. ఫ్యాన్ బెల్టు దగ్గర చెయ్యి ఉంటే ఏమవుతుందో వివరించక్కర్లేదు. ప్యానెల్‌ను ఆఫ్‌లో పెట్టి, ఎమర్జెన్సీ స్టాప్ నొక్కి, ఛార్జర్ స్విచ్ ఆపి, బ్యాటరీ మైనస్ కేబుల్ తీసేసిన తర్వాతే లోపల చెయ్యి పెట్టండి. తీసేటప్పుడు మైనస్ ముందు, బిగించేటప్పుడు మైనస్ చివర. క్రాంక్ చేస్తూ, అంటే సెల్ఫ్‌తో ఇంజన్‌ను తిప్పుతూ, కొలవాల్సిన చోట మల్టీమీటర్ క్లిప్పులు ముందే తగిలించి, వైర్లు ఫ్యాన్‌కి దూరంగా పెట్టి, మనుషులు పక్కకు జరిగాక బటన్ నొక్కండి. నిప్పురవ్వ, సిగరెట్ బ్యాటరీ దగ్గరికి రాకూడదు, ఛార్జ్ అవుతున్న బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వస్తుంది.

ఇక బ్యాటరీ ప్లస్ టెర్మినల్ చూడండి. ఒక లావు కేబుల్ సెల్ఫ్ మోటారుకి పోతుంది. చాలా సెట్లలో దాని పక్కనే రెండు మూడు సన్న వైర్లు కూడా ఉంటాయి. ఒకటి ప్యానెల్‌కి, ఒకటి గవర్నర్ కార్డుకి (గవర్నర్‌ను నడిపే ఎలక్ట్రానిక్ బోర్డు), ఇంకొకటి ఛార్జర్‌కి. బ్యాటరీ మార్చేటప్పుడు అందరి చూపూ లావు కేబుళ్ళ మీదే ఉంటుంది. సన్న వైరు బయటే ఉండిపోతుంది, లేదా తెల్లటి పొడి పట్టిన రింగునే మళ్ళీ బిగించేస్తారు. వైరు మధ్యలో చిన్న ఫ్యూజు కూడా ఉండొచ్చు. బిగించేటప్పుడు స్పానర్ బాడీకి తగిలి మెరుపు వచ్చి ఉంటే ఆ ఫ్యూజు ఎగిరిపోయి ఉంటుంది. అప్పుడు సెల్ఫ్‌కి పూర్తి కరెంటు అందుతుంది, గవర్నర్‌కి ఏమీ అందదు. సెల్ఫ్ జోరుగా తిరుగుతుంది, డీజిల్ రాదు, పొగ రాదు. మీకు ఇప్పుడు కనిపిస్తున్నది అచ్చం ఇదే.

అందుకే బ్యాటరీ మార్చిన మనిషినే పిలిచి, కోప్పడకుండా అడగండి: వైర్లు ఎన్ని తీశావు, ఎన్ని పెట్టావు, మెరుపు ఏమైనా వచ్చిందా, ప్లస్ మైనస్ పొరపాటున క్షణమైనా తారుమారు అయ్యాయా? నిజం చెబితే మీకు రెండు రోజులు కలిసొస్తాయి. తారుమారు అయి ఉంటే గవర్నర్ కార్డు, ఛార్జింగ్ ఆల్టర్నేటర్‌లోని డయోడ్లు దెబ్బతిని ఉండొచ్చు, అది వేరే దారి. ఆ తర్వాత గవర్నర్ కార్డుకి సప్లై వచ్చే రెండు టెర్మినల్స్ మీద మీటర్ పెట్టి క్రాంక్ చేయండి. ఊరికే ఉన్నప్పుడు 12 ఓల్టులు చూపించి, క్రాంక్ చేయగానే సున్నాకో నాలుగుకో పడిపోతే దారిలో ఎక్కడో లూజు కాంటాక్టు ఉందన్నమాట.

పొగ గురించి కాస్త వివరంగా చెబుతాను. డీజిల్ ఇంజన్‌కి స్పార్క్ ప్లగ్ ఉండదు. పిస్టన్ గాలిని గట్టిగా నొక్కితే ఆ గాలి సుమారు 500 డిగ్రీల సెల్సియస్ దాటి వేడెక్కుతుంది. ఆ వేడిలోకి నాజిల్ చల్లిన డీజిల్ తనంతట తానే అంటుకుంటుంది. సెల్ఫ్ తిరుగుతున్నప్పుడు డీజిల్ సిలిండర్‌లోకి పడుతూ అంటుకోకపోతే, ఆవిరిలా మారి తెల్లటి పొగగా బయటికి వస్తుంది, ఘాటుగా వాసన వేస్తుంది. తెల్ల పొగ వస్తోందంటే డీజిల్ అందుతోంది, వేడి చాలడం లేదు. అప్పుడు చూడాల్సినవి చలి, హీటర్, నెమ్మదిగా తిరిగే సెల్ఫ్, డీజిల్‌లో నీళ్ళు, తగ్గిన కంప్రెషన్ (పిస్టన్ గాలిని నొక్కే ఒత్తిడి). నల్ల పొగ వస్తోందంటే డీజిల్‌కి తగ్గ గాలి చాలడం లేదు, ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయి ఉండొచ్చు. పొగే లేదంటే డీజిల్ సిలిండర్ దాకా రావడమే లేదు. మీది మూడోది. కంప్రెషన్, టాపెట్లు, హీటర్ల గురించి ఎవరైనా ఇప్పుడు మాట్లాడితే వాటిని పక్కన పెట్టండి. డీజిల్ రాకపోవడానికి ఒకటి దాన్ని ఆపుతున్న కరెంటు కారణం ఉండాలి, లేదా దారిలో గాలో అడ్డమో ఉండాలి.

ముందు కరెంటు వైపు. క్రాంక్ అవుతున్నప్పుడు ప్యానెల్ తెర మీద ఆర్‌పీఎం ఎంత చూపిస్తోందో చూడండి. దీనికి పనిముట్టు కూడా అక్కర్లేదు. ఫ్లైవీల్ పళ్ళ ఎదురుగా ఒక చిన్న సెన్సర్ ఉంటుంది, మాగ్నెటిక్ పికప్ అంటారు. పన్ను దాని ముందు నుంచి పోయినప్పుడల్లా ఒక చిన్న ఏసీ పల్స్ పుడుతుంది. గవర్నర్ కార్డు ఆ పల్స్‌లను బట్టే ఇంజన్ వేగం తెలుసుకుంటుంది. పల్స్ రాకపోతే ఇంజన్ వేగం తెలియదు కాబట్టి, భద్రత కోసం యాక్చుయేటర్‌ను (కార్డు చెప్పినట్టు పంపులో డీజిల్‌ను పెంచి తగ్గించే భాగం) తెరవదు. డీజిల్ అక్కడే ఆగిపోతుంది. సెల్ఫ్ తిరుగుతున్నా తెర మీద సున్నానే ఉంటే అనుమానం పికప్ మీదికి పోవాలి. ఒక మినహాయింపు ఉంది: కొన్ని ప్యానెల్స్ వేగాన్ని పికప్ నుంచి కాకుండా కరెంటు పుట్టించే పెద్ద ఆల్టర్నేటర్ ఫ్రీక్వెన్సీ నుంచి తీసుకుంటాయి. అలాంటి వాటిలో క్రాంక్ వేగం దగ్గర సున్నా చూపించడం తప్పు కాదు. మీ ప్యానెల్ ఏ రకమో వైరింగ్ బొమ్మ చూస్తే తెలుస్తుంది.

పికప్‌ను తేల్చడానికి దాని రెండు వైర్లు కార్డు దగ్గర ఉన్నచోట మీటర్‌ను ఏసీ ఓల్టుల్లో పెట్టి క్రాంక్ చేయండి. కనీసం 1 నుంచి 1.5 ఓల్టులు రావాలి. రాకపోతే పికప్‌ను విప్పి కొన చూడండి. అది అయస్కాంతం కాబట్టి ఇనుప రజను గడ్డంలా పట్టుకుని ఉంటుంది. గుడ్డతో తుడిచి తిరిగి బిగించండి. బిగించేటప్పుడు ఇంజన్ ఆగి ఉండాలి, రంధ్రంలోంచి చూస్తే పన్ను తల ఎదురుగా ఉండాలి, పళ్ళ మధ్య సందు కాదు. చేత్తో మెల్లగా తిప్పి పన్నుకి తగిలాక, అక్కడి నుంచి అర చుట్టు నుంచి ముప్పావు చుట్టు వెనక్కి తిప్పి లాక్ నట్టు బిగించాలి. సందు దగ్గర పెట్టి బిగిస్తే ఇంజన్ తిరగగానే పన్ను వచ్చి సెన్సర్ కొనను విరగ్గొడుతుంది.

ఈ చిన్న సెన్సర్ గురించి ఇంత చెప్పడానికి కారణముంది. ఒకచోట ఇదే లక్షణాలతో పంపు విప్పి బెంచి మీదికి పంపారు. బాగానే ఉందని తిరిగి వచ్చింది. బిగించారు, డీజిల్ చల్లే టైమింగ్ కాస్త తప్పింది, మళ్ళీ విప్పారు. ఆరో రోజు నన్ను పిలిచారు. పికప్ వైరు ఒక క్లాంపు కింద నలిగి, పైతొడుగు చిరిగి, బాడీకి తగులుతోంది. దానికి టేపు చుట్టి పక్కకు జరపడానికి పది నిమిషాలు పట్టింది. చెడగొట్టిన టైమింగ్ సరిచేయడానికి మాత్రం ఒక పూట పట్టింది. ఆ ఆరు రోజులూ ఆ చోట మనుషులు చీకట్లో, ఉక్కపోతలో ఉన్నారు. అది నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

పికప్ బాగుంటే స్టాప్ సాలినాయిడ్‌కి రండి, అంటే కరెంటుతో లివర్‌ను జరిపి డీజిల్‌ను ఆపే లేదా వదిలే భాగం. అన్ని సెట్లకీ ఇది ఉండదు, కొన్నింట్లో యాక్చుయేటరే ఆ పని కూడా చేస్తుంది. ఉంటే అది రెండు రకాలు. కొన్నింట్లో కరెంటు ఇస్తే డీజిల్ వదులుతుంది, కొన్నింట్లో కరెంటు ఇస్తే ఆపుతుంది. మీది ఏదో తెలియకుండా వైరు తీసి పరీక్షించకండి. మొదటి రకమైతే క్రాంక్ చేయగానే ‘క్లిక్’మని లివర్ పూర్తిగా జరగాలి. సగం జరిగి ఆగితే తుప్పో, లింకు సరిగ్గా కూర్చోకపోవడమో కారణం. మూడు వైర్ల సాలినాయిడ్ లోపల రెండు చుట్లుంటాయి: లాగే చుట్టు పెద్ద కరెంటు తీసుకుంటుంది, పట్టుకునే చుట్టు ఒక ఆంపియర్ దగ్గర తీసుకుంటుంది. లివర్ చివరిదాకా జరగకపోతే లాగే చుట్టు వదలకుండా కరెంటు లాగి కాలిపోతుంది. అందుకని కాలిన సాలినాయిడ్ మార్చినవాళ్ళు లింకు సరిచేయకపోతే కొత్తదీ కాలిపోతుంది. కొన్ని పాత ప్యానెల్స్‌లో బయటి ఎర్ర స్టాప్ బటన్ ఈ సాలినాయిడ్ సప్లైని మాత్రమే కోస్తుంది, సెల్ఫ్ తిరుగుతూనే ఉంటుంది. ఎవరో తుడుస్తూ నొక్కి వదిలేసిన బటన్‌ను తిప్పి బయటికి లాగితే పనైపోయిన సందర్భాలు చాలా చూశాను.

ఒకటి మాత్రం చేయొద్దు. కార్డు పనిచేయడం లేదని యాక్చుయేటర్ లివర్‌ను చేత్తో తోసి స్టార్ట్ చేయించే ప్రయత్నం. అందుకుంటుంది నిజమే, కానీ గవర్నర్ లేని ఇంజన్ వేగం అదుపు తప్పుతుంది, పక్కన ఉన్నవాళ్ళకి ప్రాణాపాయం.

ఇక డీజిల్ దారి. మీ ట్యాంకు కిందుంది, మూడు వారాలు నడపలేదు, కాబట్టి ఇది నా రెండో పెద్ద అనుమానం. దారిలో ఎక్కడైనా వెంట్రుకంత సందున్నా, నాన్ రిటర్న్ వాల్వ్ సరిగ్గా మూసుకోకపోయినా పైపులోని డీజిల్ మెల్లగా వెనక్కి ట్యాంకులోకి జారిపోతుంది, ఆ స్థానంలో గాలి చేరుతుంది. వారానికోసారి నడిపినప్పుడు తెలియని లోపం మూడు వారాలు ఆపేసరికి బయటపడుతుంది. చాలామంది పొరబడేది ఇక్కడే: లీకు ఉంటే డీజిల్ కారాలి కదా అనుకుంటారు. ట్యాంకు నుంచి ఫీడ్ పంపు (ట్యాంకులోంచి డీజిల్ లాగి పెద్ద పంపుకి అందించే చిన్న పంపు) దాకా పైపు పీల్చుకునే వైపు. అక్కడ సందుంటే డీజిల్ బయటికి రాదు, గాలి లోపలికి పోతుంది. బయట తడి కూడా కనిపించదు.

ముందు తేలికవి చూసేయండి. గేజీని నమ్మకుండా శుభ్రమైన పుల్ల ముంచి ఎంత డీజిల్ ఉందో చూడండి. పీల్చే పైపు అడుగు నుంచి కొంచెం ఎత్తులో ఉంటుంది, కాబట్టి అడుగున కాస్త ఉంటే సరిపోదు. డీజిల్ పైపు వాల్వ్ తెరిచి ఉందా చూడండి. వాటర్ సెపరేటర్ అడుగు స్క్రూ వదిలి గాజు సీసాలోకి కొంచెం పట్టండి, నీళ్ళుంటే అడుగున విడిగా కనిపిస్తాయి. నీళ్ళు, డీజిల్ కలిసే చోట సూక్ష్మజీవులు పెరిగి నల్లటి జిగురు తయారవుతుంది, అది కనిపిస్తే ఫిల్టర్లు మార్చడంతో ఆగకుండా ట్యాంకు కడిగించాలి.

తర్వాత దారిలో చేరిన గాలిని, అంటే ఎయిర్ తీయండి. ఫిల్టర్ మీది బ్లీడ్ స్క్రూ వదులు చేసి, చేతి పంపు కొడుతూ ఉండండి. ముందు నురుగు వస్తుంది, తర్వాత బుడగలు, తర్వాత బుడగలు లేని ధార. కొడుతూ ఉండగానే స్క్రూ బిగించండి. ఆ తర్వాత చేతి పంపు గట్టిపడాలి. ఎంత కొట్టినా మెత్తగానే ఉంటే గాలి ఇంకా లాగుతోందన్నమాట. అప్పుడు ఎక్కడ లాగుతోందో కనిపెట్టడానికి ఒక మంచి ఉపాయం ఉంది. శుభ్రమైన డబ్బాలో డీజిల్ పోసి ఇంజన్ కంటే ఎత్తులో పెట్టి, గట్టి పారదర్శక పైపుతో నేరుగా ఫీడ్ పంపుకి కలపండి. రిటర్న్ పైపు ఎప్పటిలాగే ట్యాంకులోకే ఉండనివ్వండి. మళ్ళీ ఎయిర్ తీసి స్టార్ట్ చేయండి. అందుకుంటే తప్పు ట్యాంకుకీ ఫీడ్ పంపుకీ మధ్య ఉంది. అప్పుడు రాగి వాషర్లు, రబ్బరు గొట్టాలు, ఫిల్టర్ రబ్బరు చూడాలి. ఫిల్టర్ మార్చినప్పుడు పాత రబ్బరు వాషర్ పైన అతుక్కుని ఉండగానే కొత్తది బిగించేయడం నేను తరచుగా చూసే తప్పు.

ఇవన్నీ సరిగ్గా ఉన్న తర్వాత పంపు వంతు. మీది మెకానికల్ పంపు కాబట్టి, ఒక నాజిల్ దగ్గర పైపు నట్టు ఒక చుట్టు వదులు చేసి, గుడ్డ కప్పి, చేతులూ ముఖమూ దూరంగా పెట్టి క్రాంక్ చేయించండి. డీజిల్ ఉండి ఉండి చిమ్మితే పంపు పనిచేస్తోంది. గవర్నర్ తెరుచుకుంది, సాలినాయిడ్ జరిగింది, ఎయిర్ లేని డీజిల్ పంపు దాకా వస్తోంది, అయినా ఒక్క నాజిల్ దగ్గరా తడి లేదు అంటే, అప్పుడు పంపు విప్పమన్న మెకానిక్ మాట సరైనది. ఈ పరీక్ష కామన్ రైల్ ఇంజన్ల (అన్ని నాజిళ్ళకీ ఒకే హై ప్రెషర్ పైపులోంచి డీజిల్ అందే రకం) మీద ఎవరూ చేయకూడదు. అందులో ఒత్తిడి 1,000 బార్ దాటుతుంది, సన్నటి ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది, వేలు తీసేయాల్సి రావచ్చు. పరీక్షలన్నింట్లో ఒక్కో క్రాంక్ 10 సెకన్లు చాలు. 30 సెకన్లు ఎప్పుడూ దాటొద్దు, మధ్యలో రెండు నిమిషాలు సెల్ఫ్‌ను చల్లారనివ్వండి.

చివరగా, పాత బ్యాటరీ ఎందుకు పోయిందో తేల్చకపోతే కొత్తదీ పోతుంది. ఒక్క ‘టక్’ చప్పుడు ఎప్పుడూ బ్యాటరీదే కాదు. బలహీనమైన బ్యాటరీ అయితే ఎక్కువగా ‘టకటకటక’మని కొట్టుకుంటుంది. ఒక్కసారే ‘టక్’మని ఆగితే టెర్మినల్ దగ్గర పట్టు చాలకపోయి ఉండొచ్చు, సెల్ఫ్ పోయి ఉండొచ్చు, లేదా సిలిండర్‌లోకి నీళ్ళు దిగి ఇంజన్ బిగుసుకుపోయి ఉండొచ్చు. మీది తేలిగ్గా తిరుగుతోంది కాబట్టి ఆ చివరి భయం లేదు. సెల్ఫ్ వందల ఆంపియర్లు లాగుతుంది. 300 ఆంపియర్లు పోయే దారిలో తుప్పు వల్ల 0.01 ఓం అడ్డం ఉన్నా 3 ఓల్టులు అక్కడే మాయమవుతాయి. అందుకే బ్యాటరీ పోస్టుకీ సెల్ఫ్ బోల్టుకీ మధ్య మీటర్ పెట్టి క్రాంక్ చేయండి, 0.5 ఓల్టు కంటే ఎక్కువ పడితే కేబుల్ చివరలు శుభ్రం చేయాలి. మైనస్ పోస్టుకీ ఇంజన్ బాడీకీ మధ్య కూడా అలాగే. క్రాంక్ చేస్తున్నప్పుడు బ్యాటరీ మీద 9.6 ఓల్టుల కంటే కిందికి పోకూడదు.

ఛార్జర్ ఆపి కొన్ని గంటలు ఆగాక నిండిన బ్యాటరీ 12.6 ఓల్టులు చూపిస్తుంది, 12.0 అంటే దాదాపు ఖాళీ. ఛార్జర్ ఆన్‌లో ఉన్నప్పుడు 13.2 నుంచి 13.8 మధ్య ఉండాలి. కొత్త బ్యాటరీ మీద ఛార్జర్ ఆన్ చేశాక కూడా 12.5 దగ్గరే నిలిచి ఉంటే ఛార్జర్‌కి సప్లై రావడం లేదు, లేదా నేను పైన చెప్పిన సన్న వైర్లలో ఛార్జర్‌ది ఊడి ఉంది. పాత బ్యాటరీని చంపింది అదే అయి ఉండొచ్చు, మూడు వారాల్లో ప్యానెల్ తాగే కొద్దిపాటి కరెంటే దాన్ని ఖాళీ చేస్తుంది.

సన్న వైర్లు, క్రాంక్‌లో గవర్నర్ కార్డు మీద ఓల్టులు, తెర మీద ఆర్‌పీఎం, పికప్ ఏసీ ఓల్టులు. ఈ నాలుగూ ఇదే వరుసలో చూసి కాగితం మీద రాసుకోండి, మెకానిక్ గారికి కూడా చూపించండి. ఆయన్ని తప్పుపట్టడానికి కాదు, ఆ నాలుగు అంకెలు ముందుంటే ఆయనకీ పని తేలికవుతుంది. నాలుగూ సరిగ్గా ఉంటే డబ్బా పరీక్ష చేయండి. అంకెలు నాకూ రాయండి, ఏ దారిలో వెళ్ళాలో అక్కడి నుంచి చూద్దాం.